పబ్లిక్ డిఫెండర్ కార్యాలయం: ఒప్పుకున్న నేరాన్ని వెనక్కి తీసుకోవడానికి మాకు దొరికిన లాయరు

5 నక్షత్రాలకు 4 ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానో తరువాత చెబుతాను.

నేను బే ఏరియాలో ఒక దంతవైద్యుడి క్లినిక్‌లో లెక్కలు చూస్తాను. ఇక్కడికి వచ్చి 19 ఏళ్లయింది. ఎంత ఖర్చయింది, ఏ తేదీన ఎవరు ఏమన్నారు అన్నది నోటుపుస్తకంలో రాసుకోవడం ఉద్యోగం వల్ల వచ్చిన అలవాటు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ పుస్తకం పక్కనే ఉంది. కౌంటీ పేరు, లాయరు పేరు మాత్రం రాయను. మా పిల్లవాడిని ఎవరూ గుర్తుపట్టకూడదు. పబ్లిక్ డిఫెండర్ అంటే లాయరును పెట్టుకునే స్తోమత లేని నిందితుల తరఫున ప్రభుత్వ ఖర్చుతో వాదించే లాయరు. కాలిఫోర్నియాలో ప్రతి కౌంటీలోనూ ఏదో ఒక రూపంలో ఈ ఏర్పాటు ఉంది కాబట్టి పేర్లు లేకపోయినా చదివేవారికి పనికివస్తుంది.

పిల్లవాడు మా అక్క కొడుకు. తెనాలి నుంచి ఎం.ఎస్. చదవడానికి ఎఫ్‌-1 వీసా మీద వచ్చి మా ఇంట్లోనే వెనక గదిలో ఉంటున్నాడు. ఒక పెద్ద దుకాణంలో సరుకులు మనమే స్కాన్ చేసి డబ్బు కట్టే యంత్రాలు ఉంటాయి కదా, అక్కడ పట్టుబడ్డాడు. దుకాణం వాళ్లు అంతకుముందు రెండు తేదీల వీడియోలు కూడా దాచి ఉంచారు. మూడు తేదీలు, మూడు ఆరోపణలు. 14 డాలర్లు, 22 డాలర్లు, 31 డాలర్లు. మొత్తం 67 డాలర్లు. ఆ రాత్రి నా ఎదుట కూర్చుని, రెండు రోజులు కావాలనే స్కాన్ చేయకుండా సంచిలో వేసుకున్నానని చెప్పాడు. ఇంకో రోజు సంగతి తనకు గుర్తే లేదన్నాడు. చేసింది తప్పే. ఆ తప్పును దాచిపెట్టి ఈ సమీక్ష రాయడం నాకు ఇష్టం లేదు. కానీ 67 డాలర్ల తప్పుకు ఎంత దండన పడాలి, ఆ దండన ఏమిటో ముందుగా అతనికి తెలియాలా వద్దా అన్నది వేరే ప్రశ్న.

తెలిసినవాళ్లు చెప్పిన ఒక ప్రైవేటు లాయరును పెట్టుకున్నాం. 3,500 డాలర్లు ముందుగానే తీసుకున్నారు. మమ్మల్ని రెండుసార్లు కలిశారు. "చిన్న కేసు. రెండు ఆరోపణలు ఒప్పుకుంటే మూడోది కొట్టేస్తారు. ఏడాది ప్రొబేషన్, 40 గంటల సమాజ సేవ, కొంత జరిమానా. జైలు ఉండదు" అన్నారు. తెనాలి నుంచి మా బావగారు ఫోనులో అదే మాట అన్నారు: "ఒప్పుకుని ఫైను కట్టి బయటపడమనమ్మా. కోర్టు చుట్టూ తిరగడమెందుకు?" మన ఊళ్లలో చిన్న కేసులకు మేజిస్ట్రేటు ముందు జరిగేది అదే కాబట్టి ఆయనకు అలా తోచింది. నేను కూడా సంతకం పెట్టమనే చెప్పాను. ఈ విషయంలో అన్నింటికంటే ఎక్కువగా నన్ను కలచివేసేది ఆ మాటే.

కోర్టు వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి ఒక ఫారం చేతికి ఇచ్చారు. జ్యూరీ ముందు విచారణ కోరే హక్కు, సాక్షులను ప్రశ్నించే హక్కు, మౌనంగా ఉండే హక్కు, ఒక్కొక్కటీ వదులుకుంటున్నట్లు ప్రతి గడిలో పొడి అక్షరాలు వేయాలి. గడులన్నీ నింపడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అందులో ఒక గడిలో, పౌరుడు కానివారిని దేశం నుంచి పంపివేయవచ్చు, మళ్లీ రానివ్వకపోవచ్చు, పౌరసత్వం నిరాకరించవచ్చు అని ఉంది. పిల్లవాడు దాని మీద వేలు పెట్టి అడిగాడు. "అది అందరికీ చదివి వినిపించే వాక్యమే" అన్నారు లాయరు. లోపల జడ్జి కూడా అదే చదివారు. కాలిఫోర్నియా శిక్షాస్మృతి 1016.5 సెక్షన్ ప్రకారం చదవడం తప్పనిసరి. మావాడు "గిల్టీ" అన్నాడు. పరీక్షలు ఉన్నాయని శిక్ష ప్రకటించే తేదీని ఆరు వారాల తరువాతకు పెట్టించారు. ఆ ఆరు వారాలే మమ్మల్ని కాపాడాయి.

ఎందుకంటే, మూడో వారంలో విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల సలహాదారు ఒకరు, కోర్టు కాగితాలు ఇమిగ్రేషన్ లాయరుకు చూపించమన్నారు. అరగంటకు 150 డాలర్లు. ఆ లాయరు కాగితం చూసి, పెన్నుతో తేదీల కింద రెండు గీతలు గీశారు. "రెండు వేర్వేరు రోజులు. రెండు దొంగతనాలు. రెండూ ఒప్పుకున్నాడు" అన్నారు. దొంగతనాన్ని ఇమిగ్రేషన్ చట్టం నైతిక పతనంతో కూడిన నేరంగా లెక్కిస్తుంది. అలాంటి చిన్న దొంగతనం ఒక్కటే అయితే మినహాయింపుకు దారి ఉంటుంది. ఒకే సంఘటనకు చెందని రెండు నేరాలు రుజువైతే, శిక్ష ఎంత చిన్నదైనా, జైలుకు ఒక్కరోజు కూడా వెళ్లకపోయినా, దేశం నుంచి పంపివేయడానికి అదే కారణం. మూడు ఆరోపణల్లో ఒకటి కొట్టేయించిన బేరం మాకు లాభంగా కనిపించింది. నిజానికి ఆ బేరంలో మిగిలిన రెండే ప్రమాదం.

ఇంటికి రాగానే మొదటి లాయరుకు ఫోను చేశాం. "ఒప్పుకున్నాక వెనక్కి తీసుకోవడం కుదరదు. అడిగితే జడ్జికి కోపం వచ్చి జైలు వేస్తారు" అన్నారు. ఈ రెండు మాటల్లో ఒక్కటీ నిజం కాదని తరువాత తెలిసింది. కాలిఫోర్నియా శిక్షాస్మృతి 1018 సెక్షన్ ప్రకారం, తీర్పు వెలువడక ముందు ఎప్పుడైనా, సరైన కారణం చూపితే నేరాంగీకారాన్ని ఉపసంహరించుకోవడానికి జడ్జి అనుమతించవచ్చు. న్యాయం జరిగేలా ఆ సెక్షన్‌ను ఉదారంగా అన్వయించాలని అందులోనే రాసి ఉంది.

ఇక్కడ కొంచెం ఆగి ఒక విషయం చెప్పాలి. ఆ రాత్రి పిల్లవాడు జడ్జికి స్వయంగా ఉత్తరం రాశాడు. రెండు పేజీలు. నేనే పక్కన కూర్చుని భాష సరిచేశాను. "నేను తప్పు చేశాను, సిగ్గుపడుతున్నాను, నా చదువు పాడవుతుంది, మా నాన్న పొలం అమ్మి పంపించారు, దయచేసి నా ఒప్పుకోలును రద్దు చేయండి" అని రాశాం. ఏడుస్తూ రాశాం. మరునాడు పంపించాలనుకున్నాం. ఇమిగ్రేషన్ లాయరు ఫోనులో విని, "ఆ ఉత్తరం పంపకండి. చింపేయండి. కోర్టులో లాయరును అడగండి" అన్నారు. కారణం అప్పుడు అర్థం కాలేదు. పబ్లిక్ డిఫెండర్ దగ్గరికి వెళ్లాకే తెలిసింది. ఆ ఉత్తరంలో నేరాన్ని మరోసారి, సొంత చేతిరాతతో ఒప్పుకున్నాం. పైగా కోర్టుకు చట్టపరమైన కారణం ఒక్కటీ చూపలేదు, జాలి మాత్రమే అడిగాం. ఒకవేళ జడ్జి జాలిపడి రద్దు చేసినా అది దండగే. 2003లో పికరింగ్ అనే వ్యక్తి విషయంలో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు ఒక సూత్రం పెట్టింది. విచారణలో చట్టపరమైన లోపం ఉన్నందువల్ల నేర నిర్ధారణను రద్దు చేస్తే ఇమిగ్రేషన్ వాళ్లు దాన్ని గౌరవిస్తారు. కేవలం దేశం నుంచి పంపివేయకుండా ఆపడానికో, మనిషి బాగుపడ్డాడనో రద్దు చేస్తే వాళ్ల లెక్కలో ఆ నేరం అలాగే నిలిచి ఉంటుంది. మేము రాసిన రెండు పేజీల్లో ప్రతి వాక్యమూ ఆ రెండో రకానికి చెందినదే. చదువుకున్నవాళ్లం, ఇంగ్లీషు వచ్చినవాళ్లం, మంచి ఉద్దేశంతో రాసిన కాగితం మా పిల్లవాడి మెడకే చుట్టుకునేది. ఈ దశలో లాయరు ఎందుకుండాలో నాకు అర్థమైంది ఆ ఉత్తరం వల్లే.

తరువాతి వాయిదాలో పిల్లవాడు లేచి, ఒప్పుకోలు వెనక్కి తీసుకోవాలనుకుంటున్నానని, ఇప్పుడున్న లాయరు వద్దని చెప్పాడు. గొంతు వణికింది. జడ్జి కోప్పడలేదు. ఇంకో లాయరును పెట్టుకునే స్తోమత ఉందా అని అడిగి, పబ్లిక్ డిఫెండర్‌ను నియమించి, మూడు వారాలు వాయిదా ఇచ్చారు. నాలుగైదు నిమిషాల్లో అయిపోయింది.

నేను అది ఆ జడ్జి మంచితనం అనుకున్నాను. మంచితనమే కాదు, హక్కు కూడా. అమెరికా రాజ్యాంగం ఆరవ సవరణ ప్రకారం నేరారోపణ ఎదుర్కొంటున్నవారికి లాయరు సహాయం ఉండాలి. డబ్బు లేనివారికి రాష్ట్రమే ఇవ్వాలని 1963లో సుప్రీంకోర్టు గిడియన్ కేసులో చెప్పింది. ఫ్లోరిడా జైలు నుంచి గిడియన్ పెన్సిలుతో రాసుకున్న అర్జీ అది. లాయరు లేకుండా తన కేసు తానే వాదించి ఓడిపోయిన ఆ మనిషి, లాయరు వచ్చాక మళ్లీ జరిగిన విచారణలో నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ హక్కు "గిల్టీ" అన్న క్షణంతో అయిపోదు. శిక్ష ప్రకటించే వరకు, ఒప్పుకోలును వెనక్కి తీసుకోవాలన్న అర్జీ మీద విచారణ సహా, ప్రతి కీలక దశలోనూ ఉంటుంది. అసలు చిక్కు ఏమిటంటే, ఆ అర్జీ వేయాల్సిన లాయరు చాలాసార్లు ఆ పొరపాటు చేసిన లాయరే అయి ఉంటారు. "నేను తప్పు సలహా ఇచ్చాను" అని తన మీద తానే రాసుకోవాలి. అది ఏ మనిషికైనా కష్టమే. అందుకే వేరే లాయరు కావాలి. మాది డబ్బిచ్చి పెట్టుకున్న లాయరు కాబట్టి మాన్పించడం సులువైంది. కోర్టు నియమించిన లాయరే మొదటి నుంచీ ఉంటే, మార్చమని అడిగినప్పుడు జడ్జి ప్రాసిక్యూటరును బయటికి పంపి, నిందితుడి ఫిర్యాదు విడిగా వింటారు. దాన్ని మార్స్‌డెన్ విచారణ అంటారు. ఒప్పుకోలును ఉపసంహరించుకునే సందర్భానికీ అదే పద్ధతి వర్తిస్తుందని, కారణం రుజువైతే కొత్త లాయరును ఆ ఒక్క అర్జీకే కాక మొత్తం కేసుకు నియమించాలని 2011లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు శాంచెజ్ కేసులో చెప్పింది.

సరే, సేవ సంగతికి వస్తాను.

కార్యాలయం కోర్టుకు నడిచిపోయేంత దూరంలో ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక మూల పిల్లల బొమ్మలు, గాజు కిటికీ వెనక ఒక గుమస్తా. ఆదాయం వివరాలు అడిగే ఫారం ఇచ్చారు. మా ఇంట్లో ఉంటున్నాడు కాబట్టి మా జీతాలు లెక్కలోకి తీసుకుంటారేమోనని మా వారి పే స్లిప్పులు కూడా పట్టుకెళ్లాను. వాటిని తాకలేదు. పిల్లవాడి సొంత ఆదాయం, అతని ఖాతాలో ఉన్న డబ్బు, అంతే. రుసుము ఎంత అని అడిగితే ఏమీ లేదన్నారు. పూర్వం కాలిఫోర్నియా కౌంటీలు కొంత వసూలు చేసేవి. 2021 జూలై నుంచి చట్టం మార్చి ఆపేశారు.

లాయరు ముప్పై అయిదేళ్లలోపు ఆవిడ. చేతిలో ఫైళ్ల దొంతర. పిల్లవాడిని పేరు పెట్టి పిలిచి, ఆ పేరు సరిగ్గా పలికానా అని అడిగారు. నేను కూడా లేచాను. "మీరు బయట కూర్చోవాలమ్మా" అన్నట్లుగా, మర్యాదగానే, ఆపేశారు. నాకు మనసు చివుక్కుమంది. అన్నం పెడుతున్నదాన్ని, డబ్బు కట్టినదాన్ని, కన్నతల్లి తరఫున వచ్చినదాన్ని. గంటా పది నిమిషాలు ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. తరువాత బయటికి వచ్చి ఆమే వివరించారు. లాయరుకూ కక్షిదారుకూ మధ్య మాటలు రహస్యం. మూడో మనిషి గదిలో ఉంటే ఆ రహస్యం చెదిరిపోవచ్చు, నన్నే సాక్షిగా పిలిచి ఏమన్నాడో చెప్పమనవచ్చు. "మీ అబ్బాయిని కాపాడటానికే మిమ్మల్ని బయట ఉంచాను" అన్నారు. మొదటి లాయరు దగ్గర నేను రెండుసార్లూ లోపలే కూర్చున్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. అప్పుడు దాన్ని గౌరవం అనుకున్నాను.

పిల్లవాడు తరువాత చెప్పినదాన్ని బట్టి, ఆమె అడిగిన మొదటి ప్రశ్న "దొంగతనం చేశావా?" కాదు. "ఏ దేశ పౌరుడివి, ఏ వీసా మీద ఉన్నావు, ఎప్పుడు వచ్చావు?" అన్నది. పబ్లిక్ డిఫెండర్ కార్యాలయంలోనే ఇమిగ్రేషన్ విషయాలు చూసే లాయరు ఇంకొకరు ఉన్నారు. ఆయన నాలుగు రోజుల్లో ఒక పేజీన్నర కాగితం రాసి ఇచ్చారు. ఏ సెక్షన్ కింద ఎన్ని నేరాలు ఒప్పుకుంటే ఏమవుతుంది, దేనికి మినహాయింపు ఉంది, దేనికి లేదు అన్నది అందులో ఉంది. 3,500 డాలర్లకు మాకు దొరకని కాగితం అది.

అలాంటి సలహా ఇవ్వడం లాయరు దయ కాదు, విధి. 2010 మార్చి 31న పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది. పడిల్లా హోండూరస్‌లో పుట్టినవాడు, నలభై ఏళ్లకు పైగా అమెరికాలో శాశ్వత నివాసి, వియత్నాం యుద్ధంలో ఈ దేశం తరఫున పనిచేసినవాడు. ఇన్నేళ్లుగా ఉన్నావు కాబట్టి ఇమిగ్రేషన్ గురించి బెంగ అక్కర్లేదని అతని లాయరు చెప్పారు. ఆ మాట నమ్మి నేరం ఒప్పుకున్నాడు. పంపివేత ఖాయంగా ఉన్నప్పుడు ఆ సంగతి కక్షిదారుకు చెప్పకపోవడం లాయరు బాధ్యతలో లోపమేనని కోర్టు తేల్చింది. కాలిఫోర్నియా ఇంకొక అడుగు ముందుకేసి, కచ్చితమైన సలహా ఇవ్వాలని 1016.3 సెక్షన్‌లోనే రాసుకుంది.

అయితే మావాడు ఆ గడిలో పొడి అక్షరాలు వేశాడు కదా, జడ్జి చదివి వినిపించారు కదా? నా భయమంతా అదే. ప్రాసిక్యూటరు తన జవాబులో సరిగ్గా దాన్నే పట్టుకున్నారు. దానికి మా లాయరు దగ్గర 2017 నాటి ప్యాటర్సన్ తీర్పు ఉంది. అది కాలిఫోర్నియా సుప్రీంకోర్టుదే. "పంపివేయవచ్చు" అని అందరికీ చదివే సాధారణ హెచ్చరిక విన్నంత మాత్రాన, పంపివేత తప్పదన్న సంగతి తెలియక ఒప్పుకున్నానని చెప్పే దారి మూసుకుపోదని ఆ తీర్పు సారాంశం. జరగవచ్చు అనడానికీ జరిగి తీరుతుంది అనడానికీ మధ్య ఉన్న తేడా మీదే మా పిల్లవాడి బతుకు నిలిచింది.

ఆమె చేసిన పనిలో నాకు అన్నింటికంటే నచ్చింది ఇంకొకటి. ఆశ పెట్టలేదు. అర్జీ వేయడానికి ముందు పిల్లవాడిని కూర్చోబెట్టి, గెలిస్తే ఏమి పోతుందో చెప్పారు. ఒప్పుకోలు రద్దయితే బేరం కూడా రద్దవుతుంది. కొట్టేస్తామన్న మూడో ఆరోపణ తిరిగి వస్తుంది. కేసు మొదటి రోజుకు వెళుతుంది. జ్యూరీ ముందు ఓడిపోతే మూడు దొంగతనాలూ నెత్తిన పడతాయి. "ఇవన్నీ తెలిసే అడుగుతున్నావా? రెండు రోజులు ఆలోచించుకో. నిర్ణయం నీది, మీ పిన్నిది కాదు, నాదీ కాదు" అన్నారట. మొదటిసారి పది నిమిషాల్లో గడులు నింపిన పిల్లవాడు ఈసారి రెండు రాత్రులు నిద్రపోలేదు. వాళ్ల నాన్నకు ఫోను చేసి మొదటిసారిగా నిజమంతా చెప్పాడు. ఆ తరువాతే సరేనన్నాడు.

అప్పుడు పని మొదలైంది. మొదటి లాయరు దగ్గర నుంచి ఫైలు తెప్పించారు. ఏమి సలహా ఇచ్చారో చెప్పమని ఆయనకు రాశారు. "కావాలంటే ఇమిగ్రేషన్ లాయరును కలవమని చెప్పాను" అని ఆయన రెండు వాక్యాల జవాబు ఇచ్చారు. అది మాకు సహాయమే చేసింది. వేరొకరిని అడగమనడం సలహా ఇవ్వడం కాదు. దుకాణం వీడియోలు మూడూ తెప్పించి చూశారు. మొదటి లాయరు వాటిని అడగనే లేదు. పిల్లవాడికి గుర్తు లేదన్న రోజు, 14 డాలర్ల వస్తువు, అతను స్కాన్ చేయడం వీడియోలో కనిపించింది. దుకాణం యాప్‌లో ఆ రసీదు కూడా దొరికింది. ఆ ఆరోపణను తరువాత ప్రాసిక్యూటరు స్వయంగా వదులుకున్నారు.

విచారణ ఒక బుధవారం మధ్యాహ్నం జరిగింది. వెనక వరసలో కూర్చున్నాను. రుజువు భారం మాదే. కారణాన్ని స్పష్టమైన, నమ్మదగిన ఆధారంతో చూపించాలి. పిల్లవాడు సాక్షి కుర్చీలో కూర్చున్నాడు. ప్రాసిక్యూటరు ఫారం చూపించి, "ఇవి నీ అక్షరాలేనా?" అని అడిగారు. "అవును." "చదివావా?" "చదివాను. లాయరును అడిగాను. అందరికీ చదివే వాక్యమే అన్నారు." మా లాయరు ఒకటే ప్రశ్న అడిగారు: "ఇది ఒప్పుకుంటే పంపివేత తప్పదని తెలిసి ఉంటే ఏమి చేసేవాడివి?" "విచారణ కోరేవాడిని, లేదా వేరే దారి చూడమనేవాడిని" అన్నాడు. ఆ జవాబుకు ఆధారంగా అతని ఫీజు రసీదులు, నాన్న తీసుకున్న అప్పు కాగితాలు, నాలుగు సెమిస్టర్ల మార్కులు ముందే కోర్టుకు ఇచ్చారు. ఆ రాత్రి మేము ఉత్తరంలో రాసుకున్న సంగతులే ఇవి. అక్కడ అవి బతిమాలుకోవడం. ఇక్కడ, తెలిసి ఉంటే ఈ మనిషి ఒప్పుకునేవాడు కాదని చెప్పే సాక్ష్యం. నలభై నిమిషాల తరువాత జడ్జి, న్యాయవాది సలహాలో లోపం వల్ల అవగాహన లేకుండా చేసిన ఒప్పుకోలు ఇది, ఉపసంహరణకు అనుమతిస్తున్నాను అన్నారు. ఆ కారణం ఆదేశంలో స్పష్టంగా రాయమని మా లాయరు అడిగి మరీ రాయించారు. పికరింగ్ సూత్రం కోసం.

మిగిలిన రెండు ఆరోపణలకు, 2021 నుంచి అమలులో ఉన్న 1001.95 సెక్షన్ కింద మళ్లింపు కోరారు. చిన్న నేరాల కేసులను జడ్జి పక్కన పెట్టి, కొన్ని షరతులు పెట్టి, అవి నెరవేరిస్తే కొట్టేసే పద్ధతి అది. నేరం ఒప్పుకోవలసిన అవసరం లేదు. ఇది చాలామందికి తెలియని కీలకం: ఇమిగ్రేషన్ చట్టంలో, ఒకసారి "గిల్టీ" అని, కోర్టు ఏదో ఒక ఆంక్ష పెడితే, తరువాత రికార్డు కొట్టేసినా నేరం రుజువైనట్లే. "నో కాంటెస్ట్" (ఆరోపణ మీద పోరాడను) అన్నా అంతే, అది ఒప్పుకోవడం కాదని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. శిక్ష పూర్తయ్యాక 1203.4 కింద రికార్డు శుభ్రం చేయించుకుంటే సరిపోతుందని మొదటి లాయరు చెప్పారు. ఉద్యోగాలకు అది ఉపయోగపడవచ్చు. ఇమిగ్రేషన్‌కు పనికిరాదు. మావాడు దుకాణానికి డబ్బు కట్టాడు, ఆ దుకాణంలో అడుగుపెట్టనని రాసిచ్చాడు, తరగతులకు వెళ్లాడు, ఆహార బ్యాంకులో 40 గంటలు బియ్యం, పప్పుల సంచులు మోశాడు. ఆరు నెలలకు కేసు కొట్టేశారు. మొదటి బేరంలో ఉన్న సమాజ సేవ కూడా 40 గంటలే. చేసిన పని ఒకటే, దారి వేరు.

ఇక తగ్గించిన నక్షత్రం. ఫోను చేస్తే దొరకరు. సందేశం పెడితే మూడో రోజుకో నాలుగో రోజుకో తిరిగి చేస్తారు. విచారణకు ముందు వారం మొత్తం ఒక్క కబురూ లేదు, మేము నలిగిపోయాం. ఆమె మీద ఎన్ని కేసులున్నాయో ఆ ఫైళ్ల దొంతర చూస్తే తెలుస్తుంది కాబట్టి ఆమెను నిందించను. మనుషులు తక్కువ ఉన్నారు. కుటుంబానికి ఏమీ చెప్పరు, అది నియమం. కానీ ఆ నియమం ఏమిటో వివరించే కాగితం ఒకటి మొదటి రోజే చేతికి ఇస్తే నాలాంటివాళ్లు అవమానపడరు. ఇంకొకటి, వాళ్ల పని నేర విచారణ వరకే. అరెస్టు అయినందుకే వీసా ముద్ర రద్దు కావచ్చు. మళ్లీ ముద్ర వేయించుకోవడానికి వెళితే కాన్సులేటులో ఈ సంగతంతా చెప్పాలి. దానికి మళ్లీ సొంత ఖర్చుతో ఇమిగ్రేషన్ లాయరే. ఇమిగ్రేషన్ కోర్టులో మామూలుగా ప్రభుత్వం లాయరును ఇవ్వదు.

ఇంటికి వచ్చాక ఈ ఏర్పాటు ఎవరి ఆలోచన అని వెతికి చదివాను. క్లారా షార్ట్‌రిడ్జ్ ఫోల్ట్జ్ అనే ఆవిడ. అయిదుగురు పిల్లలను ఒంటరిగా పెంచుతూ 1878లో కాలిఫోర్నియాలో లాయరైన మొదటి మహిళ. ప్రాసిక్యూటరుకు ప్రభుత్వం జీతం ఇస్తున్నప్పుడు, నిందితుడి లాయరుకు ఎందుకు ఇవ్వదని 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా ప్రసంగించారు. 1914లో లాస్ ఏంజెలెస్ కౌంటీలో దేశంలోనే మొదటి పబ్లిక్ డిఫెండర్ కార్యాలయం మొదలైంది. అక్కకు ఫోనులో ఈ కథ చెప్పాను. "ఉచిత లాయరంటే ఎలా ఉంటారోనని భయపడ్డానే" అంది. నేను కూడా అలాగే భయపడ్డాను. అందుకే 3,500 డాలర్లు కట్టాను.

వెళ్లేవాళ్లు ఇవి పట్టుకెళ్లండి: పాస్‌పోర్టు, ఐ-20 (విదేశీ విద్యార్థికి విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రం) లేదా వీసా కాగితం, ఆరోపణల పత్రం పూర్తి ప్రతి, సంతకం పెట్టిన ఫారం ఉంటే అది, పాత లాయరుతో నడిచిన ఈమెయిళ్లు, సందేశాలు అన్నీ. జడ్జికి గానీ ప్రాసిక్యూటరుకు గానీ సొంతంగా ఏమీ రాయకండి. రాసి ఉంటే ఆ ప్రతిని ముందు లాయరుకు చూపించండి. వాయిదా కాగితం అన్నింటికంటే పైన పెట్టండి. ఏ దేశ పౌరుడివి అని అడిగిన తరువాత, శిక్ష ప్రకటించడానికి ఇంకా ఎన్ని రోజులున్నాయి అన్నదే ఆమె మావాడిని అడిగిన రెండో ప్రశ్న.